బాల్‌స్టన్ స్పా దగ్గర ఇంటికి జియోథర్మల్ హీట్ పంప్: 58 వేల డాలర్ల కొటేషన్, ఒప్పుకోవచ్చా?

మంచుముత్యం | జనవరి 11, 2026

అందరికీ నమస్కారం. మేం న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీకి పైన, బాల్‌స్టన్ స్పా దాటాక ఉంటాం. ఇల్లు 1994లో కట్టింది, మేం 2019లో కొన్నాం. 2,600 చదరపు అడుగులు, రెండంతస్తులు, కింద బేస్‌మెంట్, ఎకరం స్థలం. తాగడానికి సొంత బావి, వెనక సెప్టిక్. మా రోడ్డుకి గ్యాస్ లైన్ లేదు, ఇప్పట్లో వచ్చే సూచన కూడా లేదు. ఇన్నేళ్లూ ఆయిల్ ఫర్నేస్‌తోనే నెట్టుకొచ్చాం.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు రాత్రి అది ఆగిపోయింది. పిల్లలిద్దరినీ మా గదిలోనే పడుకోబెట్టి, రెండు స్పేస్ హీటర్లు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున మెకానిక్ వచ్చి నాజిల్ మార్చి నడిపించాడు. కానీ లోపల హీట్ ఎక్స్ఛేంజర్ బాగా పాతబడిందని, వచ్చే చలికాలానికి వేరే ఏర్పాటు చూసుకోమని చెప్పి వెళ్లాడు.

ఇప్పటికి మూడు కొటేషన్లు వచ్చాయి. మళ్లీ ఆయిల్ ఫర్నేసే, దానితోపాటు కొత్త ఏసీ పెట్టిస్తే 18 వేలు. బయట యూనిట్ పెట్టి గాలిలోంచి వేడి లాగే మామూలు హీట్ పంప్ 24 వేలు. జియోథర్మల్ (భూమిలోకి పైపులు దించి అక్కడి వేడి తెచ్చే హీట్ పంప్) అయితే 5 టన్నుల మెషీన్ (టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, మెషీన్ సామర్థ్యం), 340 అడుగుల బోర్లు మూడు, కరెంటు కంపెనీ రిబేటు తీసేశాక 58 వేలు. ఫెడరల్ వాళ్ల 30 శాతం టాక్స్ క్రెడిట్ మొన్న డిసెంబరు 31తో అయిపోయిందట. రాష్ట్రం వాళ్లది 10 వేలు వస్తుందంటున్నారు.

మాకు ఏడాదికి 850 గ్యాలన్ల దాకా ఆయిల్ పడుతుంది. గ్యాలన్ 4 డాలర్లు వేసుకున్నా 3,400. మా వారికి జియోథర్మల్ మీద చాలా ఆశగా ఉంది. నాకేమో ఇంత డబ్బు భూమిలో పూడ్చి, తర్వాత పని చేయకపోతే ఎవరిని అడగాలని టెన్షన్. ఏప్రిల్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. పెద్దవాళ్లుండగా పెరడంతా తవ్వడం కుదిరే పనేనా? నిజంగా పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

ఎడిసన్ నాన్న | జనవరి 11, 2026

సిస్టర్, నేను న్యూజెర్సీలో ఉంటాను. 2023లో బయట యూనిట్ పెట్టే కోల్డ్ క్లైమేట్ హీట్ పంప్ పెట్టించాను. మూడు చలికాలాలు గడిచాయి, ఇబ్బంది పడలేదు. ఫెడరల్ క్రెడిట్ ఉన్నప్పుడైతే జియోథర్మల్ గురించి ఆలోచించొచ్చు. ఇప్పుడు 58 వేలు ఎక్కడ, 24 వేలు ఎక్కడ? మిగిలే 34 వేలు పిల్లల చదువు ఖాతాలో వేసుకోండి. మీ దగ్గర మాకంటే చలెక్కువన్నది ఒప్పుకుంటాను. గట్టి చలి ఉండే ఆ పది రోజుల కోసం లోపల ఎలక్ట్రిక్ కాయిల్ ఉంటుంది, సరిపోతుంది.

పెరటి బోరు | జనవరి 12, 2026

మంచుముత్యం గారూ, మాది మీకు దగ్గరే, క్లిఫ్టన్ పార్క్. 2022 నవంబరు నుంచి మా ఇల్లు జియోథర్మల్ మీదే నడుస్తోంది. కొంచెం పెద్ద పోస్టు అవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను పడిన ఇబ్బంది మీరు పడకూడదని రాస్తున్నాను.

ముందు ఆ 5 టన్నుల సంగతి. అది మీ ఇంటికి ఎక్కువని నా నమ్మకం. మీ ఆయిల్ బిల్లులతోనే లెక్క చూద్దాం. గ్యాలన్ ఆయిల్‌లో దాదాపు 1,38,500 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి ఉంటుంది. పాత ఫర్నేస్ కాబట్టి అందులో 83 శాతం ఇంట్లోకి వస్తుందనుకోండి. 850 గ్యాలన్లకి ఏడాదికి 9 కోట్ల 80 లక్షల బీటీయూలు. ఆల్బనీలో ఏడాదికి హీటింగ్ డిగ్రీ డేస్ (రోజూ బయట 65 ఫారెన్‌హీట్ కంటే ఎన్ని డిగ్రీలు తగ్గిందో కూడిన మొత్తం) 6,600 దగ్గర ఉంటాయి. దాంతో భాగించి, మళ్లీ 24 గంటలతో భాగిస్తే, బయట ఒక డిగ్రీ తగ్గినప్పుడల్లా మీ ఇంటికి గంటకు ఇంకో 620 బీటీయూలు కావాలని తేలుతుంది. బయట సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రాత్రి 65 డిగ్రీల తేడా. అంటే గంటకు 40 వేలు. టన్ను అంటే 12 వేలు. మూడున్నర టన్నులు చాలు, మహా అయితే నాలుగు.

మరి మీ కాంట్రాక్టరు 5 ఎందుకు రాశాడు? మా ఇంటికీ మొదట వచ్చినతను ఇలాగే చేశాడు. బేస్‌మెంట్‌లోకి దిగి, పాత ఫర్నేస్ మీది ప్లేటులో 1,05,000 అన్న అంకె చూసి, పది నిమిషాల్లో పైకొచ్చి 5 టన్నులన్నాడు. ఆయిల్ రోజుల్లో అవసరానికి రెండింతల ఫర్నేస్ పెట్టేవాళ్లు, దాన్ని చూసి కొలత వేస్తే ఎలా? ఆయిల్ ఫర్నేస్ పెద్దదైతే ఖర్చు పెద్దగా పెరగదు. ఇక్కడ మాత్రం టన్ను పెరిగిందంటే 200 అడుగుల బోరు పెరిగినట్టే. అందుకని మాన్యువల్ జె అనే లెక్క ఉంటుంది. గది గదికీ కిటికీలు, గోడలు, అటక, గాలి లీకులు అన్నీ కొలిచి చేస్తారు. ఆ కాగితం చేతికి ఇవ్వని కాంట్రాక్టరుతో మాట్లాడటం ఆపేయండి. ఆ లెక్కకన్నా ముందు నైసెర్డా (న్యూయార్క్ రాష్ట్ర ఎనర్జీ సంస్థ) ద్వారా ఇంటి ఎనర్జీ అసెస్‌మెంట్ చేయించుకోండి, డబ్బులు కట్టే పని లేదు. మా ఇంట్లో తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి గాలి లాగారు. అప్పుడు అటక తలుపు చుట్టూ చెయ్యి పెడితే ఏటిగట్టు మీద నిలబడినట్టు గాలి. ఆ సందులు మూసి, అటకలో వేడి పోకుండా సెల్యులోజ్ ఇన్సులేషన్ పోయించాకే మాది 4 టన్నులకు దిగింది.

ఇక బోర్లు. మాకు 400 అడుగులవి రెండు, వాటి మధ్య 20 అడుగుల దూరం. బోరు అడుగు దాకా నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు దించుతారు. కింద యూ ఆకారంలో మలుపు ఉంటుంది, ఒక పక్క దిగి ఇంకో పక్క పైకొస్తుంది. అందులో తిరిగేది గడ్డకట్టకుండా గ్లైకాల్ కలిపిన నీళ్లు. భూమిలోని నీటిని తాకదు, తోడదు. భూమి నుంచి వేడి మాత్రమే తెస్తుంది.

బోరు బండి వచ్చింది 2022 అక్టోబరులో. అప్పుడు మా బాపు పెద్దపల్లి దగ్గరి మా ఊరి నుంచి ఇక్కడికొచ్చి ఉన్నాడు. బోరంటే ఆయనకు ప్రాణం. మా నాలుగెకరాల్లో తొమ్మిది బోర్లు వేయించాడు, ఆరింట్లో నీళ్లు పడలేదు. మంకీ క్యాప్ పెట్టుకుని, నా చలికోటు తొడుక్కుని పొద్దున ఏడింటికల్లా డెక్ మీద కుర్చీ వేసుకున్నాడు. పని మొదలు పెట్టేముందు కొబ్బరికాయ కొట్టాలన్నాడు. డ్రిల్లర్‌కి విషయం చెబితే, కాసేపు ఇంజను ఆపి పక్కన నిలబడ్డాడు. బాపు బండికి పసుపు, కుంకుమ పెట్టి కాయ కొట్టాడు.

110 అడుగుల దగ్గర బూడిదరంగు రాతి పిండిలోంచి ఒక్కసారిగా నీళ్లు తన్నుకొచ్చాయి. బాపు కుర్చీలోంచి లేచి, "పడ్డయి! నీళ్లు పడ్డయి, ఆపమను!" అని అరిచాడు. వాళ్లు ఆపలేదు. 400 దాకా వెళ్లారు, పైపు దించారు, బెంటొనైట్ గ్రౌట్‌ను (బంకమట్టి ముద్ద) అడుగు నుంచి పైదాకా పంపు చేసి బోరంతా మూసేశారు. పై పొరల నీళ్లు, కింది పొరల నీళ్లు కలిసిపోకుండా ఉండాలన్నా, పైపు రాతికి అంటుకుని వేడి బాగా అందాలన్నా అలా మూయాల్సిందే. నేను ఇదంతా చెబుతూనే ఉన్నాను. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. "పడ్డ నీళ్లను పూడుస్తున్నరు" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

మర్నాడు పొద్దున టీ తాగుతూ ఆయనే అన్నాడు: "మన బాయి నీళ్ల లెక్కనారా ఇది? చలికాలం పొద్దుగాల తోడితే పొగలొచ్చేది, ఎండకాలం సల్లగుండేది." అచ్చంగా అదే. బావి నీళ్ల వేడి ఏడాది పొడుగునా మారదు, బయటి గాలే మారుతుంది. మా ఊళ్లో భూమి లోపల 27, 28 సెల్సియస్ ఉంటుంది. ఇక్కడ ముప్పై అడుగులు దాటితే ఎండాకాలమైనా చలికాలమైనా 50 ఫారెన్‌హీట్ చుట్టుపక్కల. బయట మైనస్‌లో ఉన్న గాలిలోంచి వేడి లాగడం కష్టం. 50 డిగ్రీల భూమిలోంచి లాగడం దానికంటే చాలా సులువు. అందుకే ఒక యూనిట్ కరెంటు పెడితే మూడున్నర యూనిట్ల వేడి వస్తుంది. ఇంజనీరింగ్ చదివిన నేను గ్రాఫులు చూసి తెలుసుకున్నది ఆయన బావి దగ్గర స్నానం చేసిన జ్ఞాపకంతో పట్టుకున్నాడు.

ఇప్పుడు మీ టెన్షన్ దగ్గరికొస్తాను. పని చేయకపోతే ఎవరిని అడగాలి? మాకు మొదటి చలికాలమే ఆ అవసరం పడింది. మాకు పెట్టిన కంపెనీ పేరు ఇక్కడ రాయను. డిసెంబరు 20 నుంచి జనవరి 20 దాకా బిల్లు 3,600 యూనిట్లు, 640 డాలర్లు. మాకు 2,200 యూనిట్లు దాటకూడదు. ఫోన్ చేస్తే "చలెక్కువగా ఉంది సార్" అన్నారు. ఇల్లు వెచ్చగానే ఉంది కాబట్టి అంతా బాగున్నట్టే అన్నారు. వెచ్చగా ఉన్నది ఎందుకో చెప్తాను. మెషీన్ మాటిమాటికీ ట్రిప్ అయి ఆగిపోతుంటే, లోపలున్న 10 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కాయిల్ ఇంటిని వేడి చేస్తోంది. ఇల్లంతా టోస్టర్ మీద నడుస్తున్నట్టే. కాయిల్ చప్పుడు చేయదు, థర్మోస్టాట్‌లో మూలన చిన్న అక్షరాలతో "ఆక్స్" అని మాత్రం కనిపిస్తుంది. బిల్లొచ్చే దాకా మేం గమనించలేదు.

ఒక రోజు తెల్లవారుజామున అయిదున్నరకి బేస్‌మెంట్‌లోకి వెళ్లి మెషీన్ పక్కన కూర్చున్నాను. పైపుల్లోంచి గుటగుటమని చప్పుడు, ఖాళీ అవుతున్న వాటర్ క్యాన్‌లా. లూప్ (బోర్లలో తిరిగి వచ్చే) పైపులు మెషీన్‌లోకి వెళ్లే చోట రెండు చిన్న రబ్బరు రంధ్రాలుంటాయి, వాటిని పీట్స్ ప్లగ్ అంటారు. వంటింట్లో మాంసం ఉడికిందో లేదో చూసే సన్న సూది థర్మామీటర్ తెచ్చి అందులో గుచ్చాను. లోపలికి వచ్చే నీళ్లు 39, బయటికి వెళ్లేవి 28. పదకొండు డిగ్రీల తేడా. 4 నుంచి 8 మధ్య ఉండాలి. తేడా ఇంత ఉందంటే నీళ్లు మెల్లగా తిరుగుతున్నాయని అర్థం. లూప్‌లో గాలి ఉండిపోయింది. మొదట నింపినప్పుడు గాలంతా పోయేలా ఫ్లష్ చేయలేదు.

ఆ రెండు అంకెలు ఫోటో తీసి పంపాక గానీ వాళ్లు కదల్లేదు. ఎన్నో ఫోన్ల తర్వాత ఒక కుర్రాడు తోపుడు బండి మీద పెద్ద మోటారు, డ్రమ్ము పెట్టుకుని వచ్చాడు. పారదర్శకంగా ఉండే గొట్టం తగిలించి నీళ్లు తిప్పుతుంటే, దాదాపు 40 నిమిషాలు తెల్లటి నురగ వస్తూనే ఉంది, సోడా కొట్టినట్టు. పైపులో నీళ్లు సెకనుకి 2 అడుగుల వేగంతో పరిగెత్తితేనే గాలి బయటికొస్తుందట, మొదటిసారి చిన్న మోటారుతో కానిచ్చేశారట. అతను వెళ్లాక మళ్లీ సూది గుచ్చాను. 38, 33.

సరిగ్గా వారం తర్వాత 2023 ఫిబ్రవరి 3, 4 తేదీల చలి. మీరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి గుర్తుండే ఉంటుంది, ఆ రాత్రే న్యూహాంప్‌షైర్‌లో మౌంట్ వాషింగ్టన్ మీద విండ్ చిల్ మైనస్ 108కి పడిపోయింది. మా వెనక డెక్ మీది థర్మామీటర్‌లో మైనస్ 12. నేను రాత్రంతా ఫోన్‌లో థర్మోస్టాట్ చూస్తూనే ఉన్నాను. ఇంట్లో 69 నుంచి కదల్లేదు. కాయిల్ తెల్లవారుజామున రెండు గంటలు మాత్రం సాయం పట్టింది.

అందుకని కాంట్రాక్టులో ఇవన్నీ రాయించుకోండి: ఫ్లష్ చేశాక ఎన్ని గ్యాలన్ల ఫ్లో వచ్చింది, లూప్‌కి ప్రెషర్ టెస్ట్ ఎంతకు చేశారు, మొదటి రోజు లోపలికి, బయటికి నీళ్ల డిగ్రీలు ఎంత. స్టార్టప్ రిపోర్టు చేతికొచ్చాకే ఆఖరి పేమెంట్ అని ఒక లైను ఉండాలి. మేం బండి వెళ్లిపోయిన రోజే చెక్కు ఇచ్చేశాం. తప్పంతా అక్కడ జరిగింది.

డక్టుల గురించి కూడా అడగండి. ఫర్నేస్ నుంచి 130 డిగ్రీల గాలి వస్తుంది, దీన్నుంచి 95, 100 మాత్రమే. గాలి ఎక్కువ, వేడి తక్కువ. మొదటి వారం నా భార్య గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి "ఇది చల్లగా కొడుతోంది, చెడిపోయింది" అంది. చెడిపోలేదు, దాని తీరే అంత. ఆగి ఆగి మంట వేసినట్టు కాకుండా రోజంతా మెల్లగా నడుస్తుంది. టన్నుకి నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి వెళ్లాలి. మాకు పై అంతస్తులో రిటర్న్ డక్టు (గాలి తిరిగి మెషీన్‌కి వెళ్లేది) ఒకటే ఉండేది, ఇంకొకటి వేయించాం, 1,400 అయింది. రాత్రి పడుకునేటప్పుడు థర్మోస్టాట్ బాగా తగ్గించి పొద్దున పెంచే అలవాటుంటే మానుకోవాలి. ఒక్కసారి ఏడెనిమిది డిగ్రీలు పెంచితే మళ్లీ ఆ కాయిలే అందుకుంటుంది.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. ఎడిసన్ నాన్న గారి మాటలో న్యాయం ఉంది. మేం సంతకం పెట్టినప్పుడు ఫెడరల్ క్రెడిట్ 26 శాతం, ఆ ఆగస్టులో కొత్త చట్టం వచ్చి 30 అయింది. 38 వేల బిల్లులో 11,400 అక్కడ, రాష్ట్రం నుంచి అప్పటి పరిమితి 5 వేలు, చివరికి మాకు పడింది 21,600. మీకు ఫెడరల్ లేదు. రాష్ట్రం పరిమితి 2025 జులై నుంచి 10 వేలకి పెంచారు, అదే మీకు ఆసరా. యూనిట్ 18 సెంట్ల లెక్కన మీ ఇంటికి జియోథర్మల్ కరెంటు ఏడాదికి 8 వేల యూనిట్లు, 1,440 డాలర్లు. ఆయిల్ మీద 1,950 దాకా మిగులుతుంది. బయట యూనిట్ హీట్ పంప్‌కి రెండున్నర రెట్లే వస్తుందనుకుంటే 2,070 అవుతుంది. అంటే జియోథర్మల్‌కి దానికీ తేడా ఏడాదికి 630 మాత్రమే. 58 వేల మీద 10 వేలు పోయినా ఆ తేడాతో మీ పెట్టుబడి తిరిగి రాదు. ఈ కొటేషన్ అయితే నేను వద్దనే అంటాను.

4 టన్నులకు దిగి, ధర 50 వేల లోపుకి వస్తే అప్పుడు ఆలోచించండి. అది కూడా మీరు ఆ ఇంట్లో ఇంకో పదిహేనేళ్లు ఉంటామనుకుంటేనే. భూమిలో పైపు 50 ఏళ్ల మాట, మెషీన్ బేస్‌మెంట్‌లో ఎండా వానా తగలకుండా ఉంటుంది కాబట్టి 20, 25 ఏళ్లు వస్తుంది. మంచు కురిసిన రాత్రి బయటికెళ్లి యూనిట్ చుట్టూ పార వేసే పని లేదు. ఏడెనిమిదేళ్లలో ఇల్లు మారే ఉద్దేశం ఉంటే బయట యూనిట్‌దే పెట్టించుకోండి, అటక మాత్రం తప్పకుండా బాగు చేయించండి.

మంచుముత్యం | జనవరి 12, 2026

పెరటి బోరు గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్ అండి. మా వారికి చదివి వినిపించాను. ఫర్నేస్ ప్లేటు చూసి లెక్క వేయడం మా ఇంట్లోనూ అచ్చం అలాగే జరిగింది. ఎకరం స్థలం ఉంది కదా, బోర్లు కాకుండా అడ్డంగా కాలవలు తవ్వి పైపులు పరిస్తే తక్కువలో అవుతుందని ఒకాయన అన్నారు. అది నయమా? తాగే బావికి ఏమైనా ప్రమాదం ఉందా?

మణికొండ మేడ | జనవరి 13, 2026

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, మణికొండలో ఇండిపెండెంట్ ఇల్లు. మా పాత బోరు ఎండిపోయి నాలుగేళ్లయింది, 900 అడుగులు. ఆ బోరులో ఈ పైపు దింపి ఎండాకాలం ఏసీ ఖర్చు తగ్గించుకోవచ్చా? ఊరికే పడి ఉన్న బోరును చూస్తే మనసొప్పడం లేదు.

పెరటి బోరు | జనవరి 13, 2026

మంచుముత్యం గారూ, కాలవల పద్ధతి మంచిదే, మీ స్థలంలో అయితే కష్టం. అయిదారు అడుగుల లోతున తవ్వాలి, టన్నుకి 400 నుంచి 600 అడుగుల పైపు పడుతుంది. ఎకరంలో ఇల్లు, డ్రైవ్‌వే, సెప్టిక్ లీచ్ ఫీల్డు, బావి, చెట్ల వేళ్లు అన్నీ తప్పించి చూడండి, ఎంత మిగులుతుందో. మిగిలినా అది పొడి ఇసుక నేల అయితే వేడి సరిగ్గా అందదు. తడి బంకమట్టి అయితే బాగా అందుతుంది. గొయ్యి తీయించి మట్టి చూడకుండా దానికి ఒప్పుకోకండి.

బావి సంగతి, ఇది మూసి ఉన్న లూప్ కాబట్టి మీ నీళ్లతో దానికి సంబంధం ఉండదు. బోరును అడుగు నుంచి పైదాకా గ్రౌట్ చేస్తామని కాగితం మీద రాయించుకోండి, బావికీ సెప్టిక్‌కీ బోర్లు ఎంత దూరంలో వస్తాయో డ్రాయింగ్‌లో చూపించమనండి. బావి నీళ్లనే నేరుగా మెషీన్‌లోకి తోడి బయటికి వదిలే ఓపెన్ లూప్ అని ఒకటుంది, చవగ్గా అవుతుంది. నీళ్లలో సున్నం, ఇనుము ఉంటే మెషీన్ లోపల పేరుకుపోతుంది. తాగే బావి మీద ఆ భారం వేయకండి.

పెద్దవాళ్లు వచ్చినప్పుడు పని అంటారా, బోరు చప్పుడు మూడు రోజులు. పగలు ఇంట్లో పసిపిల్ల పడుకోలేదు, అంత మోత. రాతి పిండి కలిసిన బూడిదరంగు బురద ఒక కంటైనర్‌కి పంపు చేశారు, అయినా గడ్డి మీద కొంత పారింది. బండి చక్రాల గాడి వచ్చే వేసవి దాకా కనిపించింది. మామయ్యగారికి మా బాపులా బోర్ల మీద ఇష్టం ఉంటే మాత్రం ఆయన వచ్చాకే పెట్టుకోండి.

మణికొండ వారికి: మీ బాధ నాకు తెలుసు, మా ఇంట్లో ఆరు అలాంటివే ఉన్నాయి. కానీ దానికిది కుదరదండి. ఇక్కడ చలికాలమంతా భూమి నుంచి వేడి తీసుకుంటాం, ఎండాకాలం ఇంట్లో వేడిని తిరిగి భూమికి ఇస్తాం. అప్పు తీసుకుని తీర్చినట్టు. హైదరాబాద్‌లో తీసుకునేది ఏమీ ఉండదు, ఏడాదంతా పోయడమే. భూమి అసలే 27, 28 డిగ్రీలు. ఒక్క బోరు చుట్టూ రాయి ఏటికేడు వేడెక్కిపోతుంది, మీకు లాభం తగ్గిపోతుంది. ఆ బోరును వర్షపు నీళ్లు ఇంకించడానికి వాడుకోండి, ఫిల్టర్ గుంత కట్టించి మేడ మీది నీళ్లు అందులోకి తిప్పండి. ఏసీ ఖర్చుకి మాత్రం ముందు స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పూత వేయించండి. తెలంగాణలో 2023లో దానికోసం పాలసీయే తెచ్చారు. మీరు పై అంతస్తులో పడుకునేవాళ్లయితే మొదటి మే నెలలోనే తేడా తెలుస్తుంది.

ఎడిసన్ నాన్న | జనవరి 14, 2026

పెరటి బోరు అన్నా, లెక్కలు దాచకుండా పెట్టావు, సంతోషం. ఆ ఆయిల్ బిల్లులతో టన్నులు లెక్కగట్టే పద్ధతి నేనూ నా గ్యాస్ బిల్లుల మీద వేసి చూశాను. నాకు పెట్టిన 4 టన్నులు నా ఇంటికి టన్ను ఎక్కువే. అప్పుడు తెలిసుంటే బాగుండేది.

మంచుముత్యం | ఫిబ్రవరి 22, 2026

అప్‌డేట్ రాస్తానని అనుకుని ఆలస్యం చేశాను, మా చిన్నవాడికి ఫ్లూ. అసెస్‌మెంట్ చేయించాం. అటక తలుపు దగ్గర మీరు చెప్పిన గాలే, ఇంకా బేస్‌మెంట్ అంచుల్లో కూడా. ఆ పని మార్చిలో పెట్టుకున్నాం. పాత కాంట్రాక్టరుని మాన్యువల్ జె అడిగితే "మాకు అనుభవం ఉంది, అవసరం లేదు" అన్నారు, అక్కడితో ఆపేశాం. ఇంకొకరు వచ్చి సగం రోజు ఇల్లంతా కొలిచారు. లెక్క గంటకు 41,500 బీటీయూలు వచ్చింది. మీరు బిల్లుల మీద వేసింది 40 వేలు! మా వారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నారు.

4 టన్నులు, 400 అడుగుల బోర్లు రెండు, రిబేటు పోను 47,500. రాష్ట్రం క్రెడిట్ వస్తే 37,500. ఫ్లో, ప్రెషర్, నీళ్ల డిగ్రీలు అన్నీ కాంట్రాక్టులో రాశారు, స్టార్టప్ రిపోర్టు వచ్చాకే ఆఖరి 20 శాతం. పిల్లల హైస్కూలు అయ్యేదాకా మేం ఎక్కడికీ కదలం, ఆ తర్వాత కూడా ఈ ఇల్లు వదలాలని లేదు. అందుకే మొన్న శుక్రవారం సంతకం పెట్టాం. పని మే రెండో వారం. మామయ్యగారు అప్పటికి ఇక్కడే ఉంటారు. ఫోన్లో చెబితే కొబ్బరికాయ అక్కడ దొరుకుతుందా అని అడిగారు.

ఇంకొక్క ప్రశ్న. బోర్లు వచ్చే చోటే నా కూరగాయల మడి ఉంది. పైపుల మీద మట్టి చల్లబడి మొక్కలు రావని ఎవరో అన్నారు. గోంగూర వేసుకోవచ్చా?

పెరటి బోరు | ఫిబ్రవరి 22, 2026

చాలా సంతోషం అండి. కొబ్బరికాయ కొలొనీలో ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది, పీచు ఉన్నదే చూసి తీసుకోండి.

మడికి భయం లేదు. బోర్ల నుంచి ఇంటికి వచ్చే పైపు అయిదడుగుల కింద ఉంటుంది, గోంగూర వేరు అంత దూరం పోదు. మాది సరిగ్గా ఆ కాలవ మీదే ఉంది. మొదటి ఏడాది మాత్రం మొక్కలు బక్కచిక్కి వచ్చాయి. కారణం చలి కాదు, పూడ్చేటప్పుడు అడుగు మట్టి పైకొచ్చేసింది. కాలవ తీసేటప్పుడు పై నల్ల మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క పోయమని వాళ్లకు ముందే చెప్పండి, పూడ్చేటప్పుడు నల్ల మట్టి ఆఖరున వేయమనండి. చెట్లు మాత్రం అక్కడ పెట్టకండి. బోర్ల తలలు ఎక్కడున్నాయో ఇంటి మూల నుంచి టేపుతో కొలిచి, ఫోటో తీసి దాచుకోండి. రేపు ఎవరైనా ఫెన్సింగ్‌కి గుంత తీస్తే అవి కావాలి.

మే పదిహేను దాటాక విత్తనం వేయండి, అంతకుముందు వేస్తే మన దగ్గర మంచు కొట్టేస్తుంది. మా ఇంట్లో ఎర్ర గోంగూర విత్తనాలున్నాయి, బాపు తెచ్చినవి. బోరు బండి వచ్చే రోజు చెప్పండి, పట్టుకొస్తాను. సూది థర్మామీటర్ కూడా తెస్తాను.